నేషనల్ పార్కుల్లో కాలినడక: ఏ కాలంలో ఎలా వెళ్లాలి

నేషనల్ పార్కుకు బయలుదేరేవాళ్లు ముందుగా సెలవులు ఎప్పుడో చూసుకుంటారు. అంతకంటే ముందు చూడాల్సింది, నడవబోయే దారి ఎంత ఎత్తులో ఉందని. వెయ్యి మీటర్లు ఎక్కితే గాలి ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీల సెల్సియస్ తగ్గుతుంది. గేటు దగ్గర 20 డిగ్రీలుంటే, అక్కడికి 1,500 మీటర్ల పైనున్న కనుమలో 10 డిగ్రీలే ఉంటాయి. గాలి తోడైతే ఒంటికి ఇంకా చల్లగా తగులుతుంది. అమెరికాలోని గ్రాండ్ కాన్యన్‌లో ఇదే లెక్క తలకిందులవుతుంది. అక్కడ బయలుదేరే చోటే ఎత్తులో, సుమారు 2,100 మీటర్ల మీద ఉంటుంది. నది అక్కడికి 1,350 మీటర్ల లోతున పారుతుంది. జూన్ ఉదయం పైఅంచున గాలి హాయిగానే ఉంటుంది, మధ్యాహ్నానికి లోయ అడుగున ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పైగా తేలికైన దిగుడు ముందు వస్తుంది, కష్టమైన ఎక్కుడు అలసిపోయాక వస్తుంది. ఆ నదిదాకా వెళ్లి అదే రోజు తిరిగి రావాలని చూడొద్దని పార్కు రేంజర్లు బోర్డులు పెట్టి మరీ చెబుతారు.

కాబట్టి మ్యాపులో మూడు అంకెలు రాసుకోండి: బయలుదేరే చోటి ఎత్తు, దారిలో అన్నిటికంటే ఎత్తైన చోటు, అన్నిటికంటే పల్లపు చోటు. వాతావరణ సూచన ఊరి పేరుతో కాకుండా ఆ ఎత్తైన చోటుకు చూడండి. దారి కొండకు ఏ వైపున పోతోందో కూడా గమనించండి. ఉత్తరార్ధగోళంలో ఉత్తరం వైపు వాలులకు ఎండ తక్కువ తగులుతుంది. దక్షిణం వైపు మంచు కరిగిపోయిన వారాల తర్వాత కూడా అక్కడ దారి మంచు కింద ఉండొచ్చు.

పార్కు తెరిచి ఉందా, నడవనిస్తారా?

ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలు. భారతదేశంలోని పులుల అభయారణ్యాల్లో చాలావాటిలో పర్యాటకులు వాహనం దిగి నడవడానికి వీల్లేదు. అక్కడికి బూట్లు, ఊతకర్రలు మోసుకెళ్లి లాభం లేదు. నడవాలనుకుంటే హిమాచల్‌ప్రదేశ్‌లోని గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్కు, ఉత్తరాఖండ్‌లోని వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్ వంటివి ఎంచుకోవాలి. వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్ జూన్ 1 నుంచి అక్టోబరు 31 వరకే తెరిచి ఉంటుంది. పూలు విరగబూసేది జులై నడిమి నుంచి ఆగస్టు నడిమి దాకా, అంటే సరిగ్గా వానల్లో. పూలు కావాలంటే తడవక తప్పదు. లోపల గుడారం వేయనివ్వరు, ఘాంఘరియాలో బస చేసి పగలు వెళ్లి రావాలి. కేరళలోని ఎరవికులం పార్కును వరయాడు అనే కొండమేక పిల్లల్ని ఈనే కాలమని ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో మూసేస్తారు. వాతావరణం ఎంత బాగున్నా అప్పుడు ప్రవేశం ఉండదు.

రోడ్ల సంగతీ ఇంతే. అమెరికాలోని యోసెమిటీ పార్కులో కొండ మీదుగా వెళ్లే టయోగా రోడ్డు మామూలుగా నవంబరులో మూతపడి మే చివరనో జూన్‌లోనో తెరుచుకుంటుంది. అక్కడి గ్లేషియర్ నేషనల్ పార్కులోని గోయింగ్ టు ది సన్ రోడ్డు పూర్తిగా తెరుచుకునేసరికి చాలా ఏళ్లలో జూన్ ఆఖరో జులై నడిమో అవుతుంది. దక్షిణార్ధగోళంలో కాలాలు తిరగబడతాయని తెలిసీ తేదీలు వేసుకునేటప్పుడు మరిచిపోతుంటారు. చిలీలోని టోరెస్ డెల్ పైనే పార్కులో వేసవి అంటే డిసెంబరు నుంచి ఫిబ్రవరి. కిలిమంజారో భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి అక్కడ ఎండాకాలం, చలికాలం అన్న లెక్కే పనికిరాదు. మార్చి నుంచి మే దాకా పెద్ద వానలు, నవంబరు ప్రాంతంలో చిన్న వానలు, ఆ రెండూ తప్పించుకోవాలి.

పర్మిట్ చేతికొచ్చాకే ప్రయాణం టికెట్లు కొనండి. యోసెమిటీలోని హాఫ్ డోమ్ శిఖరం వంటి చోట్ల పర్మిట్లు లాటరీ పద్ధతిలో ఇస్తారు. బయలుదేరే ముందు రాత్రి పార్కు అధికారిక వెబ్‌సైటులో ఆ రోజు పరిస్థితుల పేజీ చూడండి. ఉదయం రేంజరు కనబడితే ‘దారి ఎలా ఉంది’ అని కాకుండా మూడు సంగతులు విడిగా అడగండి: మంచు ఏ ఎత్తు నుంచి మొదలవుతోంది, వాగులు దాటే చోట నీళ్లు ఎంతవరకు వస్తున్నాయి, దారిలో ఏ ఊటలో నీళ్లున్నాయి. ఊరికే ఎలా ఉందంటే ‘బాగుంది’ అనే జవాబే వస్తుంది.

సమయం లెక్క కట్టండి

1892లో స్కాట్లాండుకు చెందిన విలియం నైస్మిత్ ఇచ్చిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది. చదునులో 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. రానూపోనూ 14 కిలోమీటర్లు, 900 మీటర్ల ఎక్కుడు ఉందనుకోండి. నడకకు 2 గంటల 48 నిమిషాలు, ఎక్కుడుకు గంటన్నర, మొత్తం 4 గంటల 18 నిమిషాలు. ఇది గట్టి కాళ్లున్న మనిషి ఆగకుండా నడిచే లెక్క. కొత్తవాళ్లు, పిల్లలతో వెళ్లేవాళ్లు దీనికి సగం కలపాలి, అంటే సుమారు ఆరున్నర గంటలు. తినడానికీ ఆగడానికీ ఒక గంట వేస్తే ఏడున్నర. మెత్తటి మంచులో నడవాల్సి వస్తే రెట్టింపు అనుకోవడమే మంచిది.

ఇప్పుడు వెనక నుంచి లెక్కేయండి. సూర్యాస్తమయానికి రెండు గంటల ముందే నడక ముగిసేలా చూసుకోవాలి. సాయంత్రం 5:30కి పొద్దు గుంకితే 3:30కల్లా దిగిపోవాలి, అంటే ఉదయం 8 గంటలకు బయలుదేరాలి. మొత్తం సమయంలో 60 శాతం ఎక్కడానికి పోతుందనుకుంటే మధ్యాహ్నం 12:30 మీ తిరుగు సమయం. అప్పటికి శిఖరం వంద మీటర్ల దూరంలో కనబడుతున్నా వెనక్కి తిరగాలి. ఈ సమయాన్ని బయలుదేరే ముందే అందరికీ వినబడేలా చెప్పుకోండి. పైకెళ్లాక చర్చ పెడితే ఎప్పుడూ ‘ఇంకొంచెమే’ అన్నవాళ్లే నెగ్గుతారు.

దారి పేరు, తిరుగు సమయం, ఎన్ని గంటల్లోగా కబురు రాకపోతే పార్కుకు ఫోన్ చేయాలో ఒక కాగితం మీద రాసి, వెంట రాని మనిషికి ఇవ్వండి. ఆఫ్‌లైన్ మ్యాపు ఇంటి దగ్గరే ఫోన్లోకి దించుకోండి, పార్కు గేటు దాటాక సిగ్నల్ ఉంటుందన్న నమ్మకం లేదు.

ఒంటి మీదికి, సంచిలోకి

నూలు బట్టలు వద్దు. చెమట పీల్చుకుని ఆరవు, ఆగినప్పుడు ఒంట్లో వేడిని లాగేస్తాయి. ఒక్క వేడి ఎడారి నడకలోనే నూలు చొక్కా హాయి. మిగతా చోట్ల ఒంటికి ఆనుకుని పాలియెస్టర్ లేదా మెరినో ఊలు, దాని మీద ఫ్లీస్, పైన వాననీ గాలినీ ఆపే జాకెట్. బయలుదేరేటప్పుడు కాస్త చలి వేయాలి. వెచ్చగా ఉందంటే పది నిమిషాల్లో చెమట పట్టబోతోందని అర్థం. చెమట పట్టాక తీయడం కాదు, పట్టకముందే ఒక పొర తీయాలి. ఆగగానే, చలి పుట్టకముందే వేసుకోవాలి.

బూట్లు సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. నడిచేటప్పుడు వేసుకునే సాక్సులతోనే కొలత చూడండి. లేసులు కట్టకముందు పాదాన్ని ముందుకు జరిపితే మడమ వెనక ఒక వేలు పట్టాలి. అది లేకపోతే దిగుడులో బొటనవేలి గోరు నల్లబడుతుంది. గోళ్లు ముందు రోజే కత్తిరించుకోండి. కొత్త బూట్లతో పెద్ద నడకకు వెళ్లొద్దు. మడమ దగ్గర మంట మొదలైన క్షణంలోనే ఆగి టేపు అంటించాలి. బొబ్బ లేచాక టేపు వేస్తే తీసేటప్పుడు చర్మం కూడా ఊడొస్తుంది.

పగటి నడకైనా హెడ్‌ల్యాంప్ ఉండాలి. చీకట్లో చిక్కుకున్నవాళ్లలో ఎక్కువమంది రాత్రి నడవాలని బయలుదేరినవాళ్లు కారు. ఫోను టార్చి వాడితే ఒక చెయ్యి పోతుంది, మ్యాపు ఉన్న బ్యాటరీ కూడా పోతుంది. వెంట ఒక ఈల ఉంచుకోండి, అరిచి అరిచి గొంతు పోయాక కూడా అది పనిచేస్తుంది.

నీళ్లు మామూలు వాతావరణంలో గంటకు అర లీటరు, ఎండలో ఎక్కుడుంటే లీటరు దాకా. అలాగని ఉప్పు తగలకుండా లీటర్ల కొద్దీ ఉత్త నీళ్లు తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. వాంతి, తలనొప్పి, తికమక వస్తాయి. చూసేవాళ్లు ఎండదెబ్బేనని ఇంకా నీళ్లు తాగిస్తారు, అది ప్రమాదం. నీళ్లతోపాటు ఉప్పగా ఉండేది ఏదైనా తింటూ ఉండండి. వాగు నీళ్లు ఎంత తేటగా ఉన్నా శుద్ధి చేయాల్సిందే. తెర్ల కాగాక ఒక నిమిషం, 2,000 మీటర్ల పైన మూడు నిమిషాలు మరిగించాలి. మామూలు ఫిల్టర్లు బ్యాక్టీరియాని, జియార్డియా అనే పేగు పరాన్నజీవిని ఆపుతాయి కానీ వైరస్‌లను ఆపలేవు.

వసంతం: పైకి మెత్తగా, లోపల మోసంగా

కొత్తవాళ్లకు చలికాలం కంటే వసంతంలోనే ఎక్కువ చిక్కులు. చలికాలం చూడగానే భయపెడుతుంది, వసంతంలో ఎండ కాస్తుంది కాబట్టి ధైర్యం వస్తుంది.

రాత్రి గడ్డకట్టిన మంచు ఉదయం గట్టిగా ఉంటుంది, దాని మీద నడక సులువు. కానీ వాలుగా ఉంటే అద్దంలా జారుతుంది, అక్కడ బూట్లకు తగిలించుకునే మైక్రోస్పైక్‌లు కావాలి. పది, పదకొండు గంటలయ్యేసరికి పైపొర మెత్తబడి ప్రతి అడుగూ మోకాలిదాకా దిగబడుతుంది. గంటకు కిలోమీటరు సాగడం కష్టమవుతుంది. అందుకే తెల్లవారకముందే బయలుదేరి ఎండ ముదిరేలోగా వెనక్కి రావాలి. చెట్ల మొదళ్లకు, పెద్ద బండలకు దూరంగా అడుగు వేయండి. వాటి చుట్టూ మంచు లోపలి నుంచే కరిగి బోలుగా ఉంటుంది. మంచు కింద నీళ్ల చప్పుడు వినబడితే మీరు వాగు మీద నిలబడ్డారని అర్థం, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి వెళ్లండి. వాలు మీద జారితే ఎక్కడికి చేరతారో ముందే చూడండి. కింద చదునైతే బట్టలు తడుస్తాయి, అంతే. కింద బండలో, లోయ అంచో, వాగో ఉంటే మంచు గొడ్డలి (ఐస్ యాక్స్) వాడటం నేర్వనివాళ్లు ఆ వాలు దాటొద్దు.

మంచు కరిగి పారే వాగులకూ రోజులో ఆటుపోటు లాంటిది ఉంటుంది. తెల్లవారుజామున అన్నిటికంటే తక్కువగా, మధ్యాహ్నం నుంచి సాయంత్రం వరకు ఉధృతంగా పారతాయి. ఉదయం పిక్కలదాకా తడిసి దాటిన వాగు, తిరుగు ప్రయాణంలో తొడలదాకా రావొచ్చు. దాటే చోటును దారి చూపినట్టు కాక మీరే ఎంచుకోండి. సన్నగా ఉన్న చోట నీళ్లు లోతుగా, వడిగా ఉంటాయి. వెడల్పుగా, పాయలుగా విడిపోయిన చోట లోతు తక్కువ. ముందు సంచి నడుము పట్టీ, ఛాతీ పట్టీ విప్పేయండి, పడితే సంచి వదిలించుకోవాలి. ముఖం ప్రవాహానికి ఎదురుగా పెట్టి, కర్ర ఆనించి, ఒక్కో కాలే కదుపుతూ పక్కకు జరగండి. బూట్లు విప్పొద్దు, తడిస్తే ఆరతాయి. వడిగా పారే నీళ్లు మోకాలు దాటితే వెనక్కి వచ్చేయడమో, మర్నాడు ఉదయం దాకా ఆగడమో చేయాలి.

మంచు కరిగిన గడ్డిలో గోమార్లు లేస్తాయి. ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపి, సాయంత్రం చంకలు, గజ్జలు, మోకాళ్ల వెనక, తల వెంట్రుకల్లో వెతకండి. కరిచి ఉంటే సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగండి. నూనె పూయడం, నిప్పు పెట్టడం వద్దు.

వేసవి: ఎండ, పిడుగు

ఎడారి పార్కుల్లో ఉదయం 10 నుంచి సాయంత్రం 4 దాకా నీడన కూర్చోవడం తప్ప మరో ఉపాయం లేదు. తలతిరుగుడు, వికారం, చెమటలు వస్తుంటే నీడకు చేర్చి, బట్టలు తడిపి, ఉప్పు కలిపిన నీళ్లు గుక్కగుక్కగా తాగించండి. మాట తడబడినా, పొంతన లేకుండా మాట్లాడినా అది వడదెబ్బ. అప్పుడు తాగించడం మీద కంటే ఒళ్లు చల్లబరచడం మీద దృష్టి పెట్టాలి. దగ్గర్లో నీళ్లుంటే తల పైకి పట్టుకుని మెడదాకా ముంచండి, లేకపోతే తడిపి విసరండి. సాయం కోసం మనిషిని వెంటనే పంపండి.

ఎత్తైన కొండల్లో వేసవి మధ్యాహ్నాలు పిడుగులవి. ఉదయం తొమ్మిదింటికే మబ్బులు నిలువుగా, కాలీఫ్లవర్ పువ్వులా పెరగడం మొదలైతే ఆ రోజు శిఖరం వదులుకోవాలి. మామూలు రోజైనా పన్నెండు లోపు చెట్లు పెరిగే ఎత్తుకు దిగిపోవాలి. మెరుపుకీ ఉరుముకీ మధ్య సెకన్లు లెక్కపెట్టండి. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. ముప్పై లోపు ఉందంటే పది కిలోమీటర్లలోపే ఉంది, అప్పటికే దిగుతూ ఉండాలి. ఒంటరి చెట్టు, గుహ నోరు, శిఖరం కొన వద్దు. ఒకే ఎత్తులో ఉన్న చెట్ల గుంపులో, పల్లంలో ఉండండి. గుంపుగా కాక దూరదూరంగా నిలబడితే పిడుగు పడినా ఆదుకోవడానికి ఎవరో ఒకరు మిగులుతారు. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాకే మళ్లీ పైకి.

ఎత్తు సంగతి కూడా వేసవిలోనే ఎదురవుతుంది, అందరూ అప్పుడే పైకి వెళతారు కనుక. 2,500 మీటర్లు దాటాక తలనొప్పి, వికారం వస్తే అది ఎత్తు వల్లేనని అనుకోండి. 3,000 మీటర్ల పైన ఈ రాత్రి పడుకున్న చోటికీ రేపు పడుకునే చోటికీ తేడా 500 మీటర్లు దాటకూడదు. మూడు నాలుగు రోజులకు ఒకరోజు ఆగాలి. నడక తూలినా, కూర్చున్నప్పుడు కూడా ఆయాసం తగ్గకపోయినా ఆ క్షణమే కిందికి దించాలి, రాత్రయినా సరే.

వానలు

వానలో తడవడం పెద్ద సమస్య కాదు. ఇరుకైన లోయల్లో మీరున్న చోట చినుకు లేకపోయినా, ఎగువన ఎక్కడో కురిసిన వాన వరదై మీద పడుతుంది. అమెరికాలోని జయన్ పార్కులో నారోస్ దారి నదిలోనే సాగుతుంది. నీటి ప్రవాహం సెకనుకు 150 ఘనపుటడుగులు దాటితే ఆ దారి మూసేస్తారు. అక్కడ వరద భయం ఎక్కువగా ఉండేది జులై నడిమి నుంచి సెప్టెంబరు దాకా. తేట నీళ్లు బురద రంగుకు తిరగడం, పుల్లలు, ఆకులు కొట్టుకురావడం, ఎగువ నుంచి హోరు వినబడటం, వీటిలో ఏ ఒక్కటి కనబడినా పరుగెత్తి లోయ బయటికి వెళ్లాలని చూడకండి, దగ్గర్లోని ఎత్తైన గట్టు ఎక్కండి. నీళ్లను దాటి పరుగెత్తలేరు.

జలగలకు పొడవు సాక్సులే మందు. పట్టిన జలగను గోటితో దాని నోటివైపు నుంచి పక్కకు తోసేస్తే ఊడుతుంది.

ఆకురాలు కాలం

చాలామంది అనుభవజ్ఞులు నడకకు ఎంచుకునేది ఇదే. దోమలు తగ్గుతాయి, వాగులు తగ్గుతాయి, జనం కూడా తగ్గుతారు. చూసుకోవాల్సినవి కొన్నే. రాలిన ఆకులు దారినీ, వేళ్లనూ, తడి రాళ్లనూ కప్పేస్తాయి, దిగుడులో కర్రతో తడుముకుంటూ నడవండి. వేసవి మ్యాపులో ఉన్న ఊటలు ఎండిపోయి ఉండొచ్చు. యోసెమిటీ జలపాతమే చాలా ఏళ్లలో ఆగస్టుకల్లా సన్నగిల్లి ఆ తర్వాత ఎండిపోతుంది, నీళ్ల హోరు చూడాలంటే మే, జూన్‌లలో వెళ్లాలి. పొద్దు రోజురోజుకీ కుదించుకుపోతుంది కాబట్టి నెల కిందటి సమయం లెక్క ఇప్పుడు పనికిరాదు. ఎలుగుబంట్లు చలినిద్రకు ముందు రోజంతా తిండి వేటలో ఉంటాయి, ఎల్క్ అనే పెద్ద జింకల్లో మగవి ఎదకాలపు పొగరుతో ఉంటాయి. అమెరికాలోని ఎలోస్టోన్ పార్కులో ఎలుగులకు, తోడేళ్లకు, కూగర్లకు (కొండ సింహాలకు) 91 మీటర్లు, మిగతా జంతువులకు 23 మీటర్ల దూరం పాటించాలని నియమం. కొలిచేందుకు టేపు అక్కర్లేదు. చెయ్యి చాచి బొటనవేలు పైకెత్తి ఒక కన్ను మూస్తే జంతువు మొత్తం వేలి వెనక దాగిపోవాలి. ఎలుగు ఎదురైతే పరుగెత్తొద్దు. ఎలుగులను తరిమే స్ప్రే తీసుకెళ్తే నడుము పట్టీకే ఉండాలి, సంచి అడుగున ఉంటే లేనట్టే.

చలికాలం

ముందుగా వాలు కోణం. మంచు చరియలు ఎక్కువగా విరిగిపడేది 30 నుంచి 45 డిగ్రీల వాలుల మీద. అలాంటి వాలు ఎక్కకపోయినా, దాని కింద నడిచినా అంతే ప్రమాదం. ట్రాన్సీవర్ (కూరుకుపోయినవాళ్లను సిగ్నల్‌తో వెతికే పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి చూసే పొడవాటి కడ్డీ), పార ఉండి, వాడటం నేర్చుకున్నవాళ్లే అక్కడికి వెళ్లాలి. మంచులో కూరుకుపోయిన మనిషి బతికే అవకాశం పావుగంట దాటాక వేగంగా పడిపోతుంది, అంటే సాయం మీ గుంపులోంచే రావాలి. శిక్షణ లేనివాళ్లు చెట్ల మధ్య, చదునైన లోయ దారుల్లోనే నడవండి. అక్కడా అందం తక్కువేం కాదు.

నీళ్ల సీసాను తలకిందులుగా పెట్టుకోండి. మంచు పైనుంచి కడుతుంది, అది సీసా అడుగుకు పోయి మూత దగ్గర తాగడానికి వీలవుతుంది. గొట్టంతో తాగే సంచులు గడ్డకట్టి పనికిరాకుండా పోతాయి. ఫోను, అదనపు బ్యాటరీ లోపలి జేబులో ఒంటికి ఆనించి ఉంచండి. తాజా మంచు అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిప్పికొడుతుంది, గడ్డం కింద, ముక్కు రంధ్రాల అంచుల్లో కూడా క్రీము రాయాలి. నల్లద్దాలు మరిచిపోతే సాయంత్రానికి కళ్లలో ఇసుక పోసినట్టు మంట.

ఒంట్లో వేడి పడిపోవడం సున్నా డిగ్రీల దగ్గరే జరుగుతుందనుకోకండి. తడి బట్టలు, గాలి ఉంటే 10 డిగ్రీల్లోనూ జరుగుతుంది. తడబాటు, తూలడం, గొణుగుడు, జిప్పు వేసుకోలేకపోవడం మొదటి గుర్తులు. వణుకు ఆగిపోయిందంటే తేరుకున్నట్టు కాదు, పరిస్థితి విషమించినట్టు. తడి బట్టలు మార్చి, నేల మీద చాప పరిచి కూర్చోబెట్టి, తీపి, వేడి పానీయం ఇవ్వండి.

ఏ కాలంలోనైనా

మరుగుదొడ్డి లేని చోట నీటికి, దారికి, గుడారాలకు కనీసం 60 మీటర్ల దూరంలో 15 నుంచి 20 సెంటీమీటర్ల గుంట తవ్వి, తర్వాత పూడ్చండి. కాగితం సంచిలో వేసుకుని వెనక్కి తెచ్చుకోవాలి. మంచులో, ఎడారిలో చాలా పార్కులు మలాన్ని కూడా మోసుకురమ్మంటాయి, ముందే కనుక్కోండి. దారి బురదగా ఉంటే బురదలోంచే నడవండి. పక్కన గడ్డి మీద నడిస్తే రెండు వారాల్లో అక్కడ రెండో దారి పడుతుంది.

తిరిగొచ్చాక బూటు అడుగుల్లో ఇరుక్కున్న మట్టిని, గింజలను పార్కు వదలకముందే బ్రష్‌తో దులపండి, పరాయి మొక్కలు ఒక పార్కు నుంచి ఇంకోదానికి చేరేది ఇలాగే. బూట్లను హీటరు దగ్గర కాక గాలిలో, లోపల కాగితం కుక్కి ఆరబెట్టండి. వేడికి అడుగు జిగురు ఊడుతుంది. బోలు పీచుల ఫిల్టరు ఒకసారి తడి మీద గడ్డకడితే లోపలి పీచులు చిట్లుతాయి, పైకి ఏ తేడా కనబడదు, క్రిములను మాత్రం ఆపదు. చలిలో రాత్రిపూట దాన్ని పడక సంచిలో పెట్టుకోండి. గడ్డకట్టిందన్న అనుమానం ఉంటే కొత్తది కొనండి.